పత్తి, పాట, మా నాయన చెవులు

సావనీరుకు వ్యాసం అడగడానికి వచ్చిన విద్యార్థి సంఘం మిత్రులు "విజ్ఞానశాస్త్రం, గ్రామాభ్యుదయం" అనే శీర్షిక కింద ఏదైనా రాయమని సలహా ఇచ్చారు. ఆ శీర్షిక కింద మన కాలేజీలో నాకంటే ముందు చాలామంది రాసేసి ఉంటారు. గ్రామాభ్యుదయం సంగతి పెద్దలకు వదిలి, మా ఇంట్లో ఒక పాత స్టీరియోకు హై రిజల్యూషన్ పాటలు తగిలించిన వైనం రాయదలచుకున్నాను. పల్లెటూరి సేద్యగాని కొడుక్కి అంత నాణ్యమైన సంగీతమెందుకని నవ్వేవారు నవ్వవచ్చు. మా అమ్మ అందరికంటే ముందే నవ్వింది.

మాది ఆస్పరి. మద్రాసు, బొంబాయి రైలు మార్గం మీద ఆదోనికి, గుంతకల్లుకు నడుమ ఉన్న ఊరు. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం. వాన పడితే పత్తి, శెనక్కాయలు, ఎర్రగడ్డలు, కందులు. పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే తెలియని మిత్రులకు చెబుతున్నాను: పని దొరకని కాలంలో ఇంటికి తాళం వేసి, పిల్లలను, గిన్నెలను సర్దుకుని, గుంటూరు వైపు పత్తి తీయడానికో మిరపకాయలు కోయడానికో పోవడం. మాకు తొమ్మిది ఎకరాలు ఉంది కాబట్టి మేము పోలేదు గాని, మా వీధిలో ఏటా చాలా ఇండ్లకు తాళాలు పడతాయి. పోయేవాళ్లు పోయే ముందు సెల్లు షాపులో మెమొరీ కార్డుకు పాటలు ఎక్కించుకుంటారు. కొంచెం డబ్బుకే వందల పాటలు వస్తాయి. అవి ఎట్లాంటి పాటలో తర్వాత మనవి చేస్తాను.

ఇక స్టీరియో కథ. మా చిన్నాయనకు ఒకప్పుడు మైకు సెట్టు ఉండేది. పెండ్లిండ్లకు, దేవర్లకు, ఎలక్షన్లకు ఆయన మైకే. డి.జె. పెట్టెలు వచ్చినాక ఆ వ్యాపారం పోయింది. కోన్లు, వైర్లు పాత ఇనుముకు పోయినా, తన సరదాకు కొనుక్కున్న ఒక స్టీరియో ఆంప్లిఫయరును, రెండు చెక్క స్పీకరు పెట్టెలను మాత్రం ఆయన అమ్మలేదు. అటక మీద శెనక్కాయల సంచుల పక్కన పడి ఉండేవి. పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను వాటిని కిందికి దించినాను. ఎడమ పెట్టెలో ఎలుకలు కాపురం పెట్టి పిల్లలను కూడా కన్నాయి. ఆదోనిలో ఒక రేడియో మెకానిక్కు ఆంప్లిఫయరును విప్పి, ఉబ్బిపోయిన రెండు కెపాసిటర్లు మార్చి, వాల్యూము గుబ్బలో దుమ్ము కడిగి, "ఇట్లాంటి ట్రాన్స్‌ఫార్మరు ఇప్పుడు యాడ దొరుకుతాది నాయనా, దీన్ని అమ్మొద్దు" అన్నాడు. కూలి మూడు వందలు తీసుకున్నాడు. పదో తరగతి పిల్లలకు ట్యూషను చెప్పి కూడబెట్టిన డబ్బులో అది మొదటి ఖర్చు.

రెండో ఖర్చు డాక్. డాక్ అంటే అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చే సాధనం. ప్రతి ఫోనులోనూ ఒకటి ఉంటుంది. కాని విడిగా దొరికే దానికి మంచి విద్యుత్తు, మంచి చిప్పు పెడతారు. నేను కొన్నది బొటనవేలంత ఉంటుంది. ఒక కొస ఫోను ఛార్జింగు రంధ్రంలో, రెండో కొసన హెడ్‌ఫోను రంధ్రం. అక్కడి నుంచి ఎరుపు, తెలుపు పిన్నుల వైరు ఆంప్లిఫయరు వెనుక 'ఆక్స్' అని రాసి ఉన్న చోటికి. పాత ఆంప్లిఫయరులో 'ఫోనో', 'మైకు' అనే రంధ్రాలు కూడా ఉంటాయి. వాటిలో గుచ్చరాదు, అవి మిక్కిలి సన్నని సంకేతం కోసం పెట్టినవి, పాట చిరిగిపోయినట్లు వస్తుంది. ఇంకొక మాట. రెండు స్పీకర్లకు ఎరుపు వైరు ఎరుపుకు, నలుపు నలుపుకు కలిసిందా అని చూసుకోవాలి. ఒక్కదానికి తారుమారైతే ఒక స్పీకరు గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కు లాగుతుంది. మృదంగం మాయమై, గాయకుడు ఎక్కడ నిలబడి పాడుతున్నాడో తెలియకుండా పోతాడు.

ఈ హై రిజల్యూషన్ అనే మాట మన భౌతికశాస్త్రం విద్యార్థులకు తప్ప మిగతావారికి విసుగు పుట్టించవచ్చు. క్లుప్తంగా చెబుతాను. ధ్వని తరంగాన్ని అంకెలుగా రాయాలంటే రెండు విషయాలు తేల్చుకోవాలి. సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి, కొలిచే కోలకు ఎన్ని గీతలుండాలి. 1982లో మార్కెట్లోకి వచ్చిన కాంపాక్టు డిస్కు సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది, కోలకు 65,536 గీతలు. అదే 16 బిట్లు. హై రిజల్యూషన్ అంటే సెకనుకు 96,000 సార్లో 1,92,000 సార్లో కొలిచి, 1,67,77,216 గీతల కోలతో చూడటం. అది 24 బిట్లు. పత్తి తూచే కాటాను తీసేసి బంగారం తూచే కాటా పెట్టినట్లు. ఐతే పత్తిని బంగారు కాటాలో తూచినందువల్ల పత్తి బంగారం కాదు గదా! అక్కడే ఉంది చిక్కు. నైక్విస్టు, షానన్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, కొలతల సంఖ్యలో సగానికి తక్కువున్న ప్రతి పౌనఃపున్యాన్నీ పోగొట్టుకోకుండా తిరిగి పుట్టించవచ్చు. డిస్కు లెక్కలో అది 22 కిలోహెర్ట్జ్ వరకు. పడుచు మనిషి చెవికి వినిపించేది మహా అయితే 20. కాబట్టి 192 కిలోహెర్ట్జ్ పాటలో పైన ఉన్నదంతా గబ్బిలాలకు.

మరైతే ఎందుకు కొంటారని అడగవచ్చు. నాకూ అదే సందేహం. ఈ విషయంపై 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. ఎక్కువ నాణ్యత గల రికార్డింగును ఒకసారి నేరుగా, ఒకసారి డిస్కు నాణ్యతకు దించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు వచ్చాయి. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. తర్వాత 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో రైస్ అనే ఆచార్యుడు 18 పరిశోధనల లెక్కలను కలిపి చూసి, 52.3 శాతం సరైన జవాబులున్నాయని, తేడా కొంచెమే అయినా అది కాకతాళీయం కాదని, తర్ఫీదు పొందినవారికి ఇంకొంచెం ఎక్కువ తెలుస్తుందని చెప్పాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తేల్చడం నా తాహతుకు మించిన పని. కాని ఇంట్లో చేసుకోగలిగిన ప్రయోగం చేయకుండా ఉండటం బి.యస్సీ. విద్యార్థికి తగదు.

అన్నింటికంటే ముందు ఫోను సంగతి. ఆపిల్ మ్యూజిక్ వారు 2021లో తమ పాటలను నష్టం లేని నాణ్యతలో ఇవ్వడం మొదలుపెట్టారు, మన దేశంలో కూడా. ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఆ ఆప్ నడుస్తుంది. స్పాటిఫై వారు 2025 సెప్టెంబరులో 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ వరకు నష్టం లేని పాటలు ప్రకటించారు. ఆప్‌లో నాణ్యత అనే చోటికి పోయి మనమే ఎంచుకోవాలి, దానంతట అది రాదు. ఎంచుకున్నా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఏ పాటనైనా 48 కిలోహెర్ట్జ్‌కు మార్చి బయటికి పంపుతాయి. ఉన్నదున్నట్లు పంపే వీలు ఆండ్రాయిడ్ 14 నుంచి వచ్చింది గాని, దానికి ఫోనూ ఆప్ రెండూ సహకరించాలి. నా డాక్‌కు ఒక చిన్న దీపం ఉంది. ఏ లెక్కన అంకెలు వస్తున్నాయో రంగు మార్చి చెబుతుంది. ఆ దీపమే లేకపోతే ఫోను చెప్పిన మాట నమ్మి కూర్చోవలసినదే. బ్లూటూతులో వినేవారికి ఈ గొడవే లేదు, మామూలు బ్లూటూతు దారిలో పాట ఎట్లాగూ నలిగిపోయే వస్తుంది.

తర్వాత డేటా. ఇది పల్లెటూరి వాడు తప్ప ఇంకెవరూ పట్టించుకోని అంశం. మూడు నిమిషాల పాట మామూలు నాణ్యతలో 6 మెగాబైట్లు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ నష్టం లేని నాణ్యతలో 36. అదే 192 కిలోహెర్ట్జ్‌లో 145. ఇవి ఆపిల్ వారే చెప్పే లెక్కలు. నా రీచార్జిలో రోజుకు వచ్చేది ఒకటిన్నర గిగాబైటు. అంటే పెద్ద నాణ్యతలో రోజుకు పది పాటలు, అరగంట సంగీతం. ఆ తర్వాత నాయనకు వాతావరణం చూపించడానికి కూడా డేటా ఉండదు. కాబట్టి ఆదోనికి పోయినప్పుడు మిత్రుని గదిలో వైఫైకి తగిలించి పాటలను దించుకుని రావడం అలవాటు చేసుకున్నాను. ఎరువుల మూటలు తెచ్చుకున్నట్లు పాటలు తెచ్చుకోవడమన్న మాట.

ప్రయోగానికి చెల్లెలు సహాయకురాలు. నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను. ఆమె నాణేన్ని ఎగరేసి, బొమ్మ పడితే ఒక రకం, బొరుసు పడితే ఇంకో రకం వినిపించి, పుస్తకంలో రాసుకుంటుంది. శబ్దం హెచ్చుతగ్గులు లేకుండా ముందే సరిచేసినాము, ఎందుకంటే కొంచెం బిగ్గరగా ఉన్నదే మంచిదనిపించడం మనిషి స్వభావం. డిస్కు నాణ్యతకు, 192 కిలోహెర్ట్జ్‌కు నడుమ ఇరవై ప్రయత్నాల్లో నాకు పదకొండు సరిపోయాయి. అంటే ఏమీ తెలియలేదని అర్థం. మెమొరీ కార్డు పాటలకు, నష్టం లేని పాటలకు నడుమ ఇరవైలో పద్దెనిమిది సరిపోయాయి. ఆ కార్డు పాటలు ఒకరి నుంచి ఒకరు, నలిపినదాన్నే మళ్లీ నలిపి ఎక్కించుకున్నవి. తాళాల శబ్దం ఇసుక రాలినట్లుంటుంది, కోరస్ పాడే ఆడవాళ్లంతా ఒక్క గొంతైపోతారు. సుగ్గికి పోయేవాళ్లు ఆరు నెలలు వినేది అదే. కాబట్టి నా అభిప్రాయం అడిగితే, 192 అనే అంకె కోసం ఆరాటపడనక్కర లేదు, కాని నష్టం లేని పాటకు, నలిగిన పాటకు ఉన్న తేడా మాత్రం ఎవరు కాదన్నా నేనొప్పుకోను.

ఇంకొక సంగతి. పాత రికార్డింగులకు ఈ పెద్ద అంకెలు తగిలించడం చూస్తే నాకు నవ్వొస్తుంది. 78 తిరుగుళ్ల గ్రామఫోను ప్లేటు మీద ఎన్నడో చెక్కిన పద్యాన్ని 192 కిలోహెర్ట్జ్‌లో రాసినా అదనంగా దొరికేది ఆ ప్లేటు గీరుడే. కొత్త సినిమా పాటల్లో కొన్నింటికి మరొక రోగం. మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒకే అరుపు. 24 బిట్ల కోలలో నెమ్మదికి, గర్జనకు మధ్య అంత దూరం ఇచ్చినా, వాళ్లు పై రెండు జానలే వాడుకుంటారు.

ఇంతవరకు చెప్పినది ఏ పట్టణంలోనైనా ఎవరైనా చెప్పగలరు. మా ఇంటికే ప్రత్యేకమైనది ఇక మీదట ఉంది.

స్టీరియో పెట్టింది ముందు గదిలో. నేలకు బేతంచెర్ల బండలు, గోడలకు సిమెంటు, పైన స్లాబు. పదహారడుగుల పొడవు, పదకొండు వెడల్పు, పది ఎత్తు. మొదటి రోజు పాట పెడితే బావిలో నుంచి పాడినట్లుంది. ఒక మాట గోడకు తగిలి తిరిగి వచ్చేలోపు రెండో మాట బయలుదేరుతుంది, రెండూ కలిసి ముద్ద. స్పీకర్లు జరిపి చూసినాను. చెవులంత ఎత్తులో, నాకూ వాటికీ మధ్య సమబాహు త్రిభుజం వచ్చేట్లు. కొంత నయం, కాని ముద్ద పోలేదు. కార్తీకంలో పత్తి తీత మొదలైంది. ధర ఉన్నప్పుడు అమ్ముదామని నాయన పత్తిని ముందు గదిలోనే పోయించినాడు. మా వైపు ఇది మామూలే. గదిలో సగం పత్తి రాశి, రొమ్ము ఎత్తు. మంచం ఒక మూలకు, నేను పెట్టెల ఎదుట ఒక పీట మీద. ఆ సాయంత్రం పాట పెట్టినాను. పాత ఆంప్లిఫయరే, పాత స్పీకర్లే, పాత పాటే. కాని గాయకురాలు ఊపిరి తీసుకోవడం వినపడింది. వీణ తీగ మీద వేలు జారడం వినపడింది. చెల్లెలు లోపలి నుంచి వచ్చి, "అన్నా, కొత్త స్పీకర్లు తెచ్చినావా?" అని అడిగింది.

దీనికి కారణం కనిపెట్టినవాడు వాలెస్ సబీన్. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని, ఏదైనా చేయమని ఈ కుర్ర అధ్యాపకునికి అప్పగించారు. ఆ మందిరంలో ఒక మాట ఐదున్నర సెకన్లు మోగేదట. సబీన్ పక్కనున్న శాండర్సు థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, సందడి లేని రాత్రుల్లో ఒక ఆర్గను గొట్టాన్ని మోగించి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో గడియారం పట్టుకుని కొలిచినాడు. పొద్దున్నే మెత్తలు మళ్లీ థియేటరుకు. అట్లా తేలిన సూత్రం మనకు తెలిసినదే: గది ఘనపరిమాణాన్ని, ధ్వనిని మింగే వైశాల్యంతో భాగించి 0.161తో హెచ్చించడం. మెత్తల్లోని పోగుల సందుల్లో గాలి కదిలి, రాపిడికి ధ్వని వేడిగా మారుతుంది. ఆయన మెత్తలు లెక్కపెట్టినాడు, మా ఇంట్లో పత్తి రాశి. గది ఘనపరిమాణం సుమారు 50 ఘనపు మీటర్లు. బండలు, సిమెంటు దాదాపు ఏమీ మింగవు కాబట్టి ఖాళీ గదిలో లెక్కకు 1.6 సెకన్లు వచ్చింది. పత్తి ఉండగా అర సెకను పైచిలుకు. ఒక బుడ్డను ఊది పగలగొట్టి, ఫోనులో రికార్డు చేసి, శబ్దం 20 డెసిబెల్సు పడిపోయే కాలాన్ని మూడింతలు చేస్తే పత్తి ఉన్నప్పుడు 0.6 వచ్చింది. ఇంత దగ్గరగా వస్తుందని నేననుకోలేదు. భౌతికశాస్త్రం సారుకు చూపిస్తే ఆయన, "లాబులో కూడా ఇట్లా ఫలితాలు రావు, ఎక్కడ కాపీ కొట్టినావు?" అన్నారు. అది మెచ్చుకోలని నేను తీసుకున్నాను.

నాయన రోజూ పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పత్తి రాశికి వీపు ఆనించి కూర్చునేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, హరిశ్చంద్ర నాటకం కాటి సీను, డి.వి. సుబ్బారావుగారి పద్యాలు. పద్యం ఐపోతూనే, "మల్లీ పెట్టప్పా" అనేవాడు. మెమొరీ కార్డులోది పెట్టినా, మంచిది పెట్టినా ఆయనకు ఒకటే. చెల్లెలికి అది వింత. "నాయనకు తేడా తెలీదా?" అంది. అంతకు ముందే నాకొక అనుమానం ఉండేది. చేలో దూరం నుంచి పిలిస్తే పలికేవాడు గాని, పక్కనే మెల్లగా మాట్లాడితే "ఆఁ?" అనేవాడు. ఫీజు మాట అసలు వినపడదని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్లం.

ఫోనులో కోరిన పౌనఃపున్యం పలికించే ఆప్ ఒకటి ఉంది. ఒక రాత్రి అందరినీ కూర్చోబెట్టి, కింది నుంచి పైకి పోతూ, వినపడినంతవరకు చెయ్యి ఎత్తమన్నాను. చెల్లెలు 17 వేల దాకా ఎత్తింది. నేను 16 వేలు. అమ్మ 12 వేలు. అవ్వ 7 వేల దగ్గర దించి, "పోనీలే, ఇంగ ఇనాల్సింది ఏముండాది" అంది. నాయన చెయ్యి 4 వేలకు ఊగిసలాడి, 5 వేలకు దిగిపోయింది. శబ్దం పెంచినాను. దిగే ఉంది. అవ్వకు డెబ్బై దాటినాయి, నాయనకు నలభై తొమ్మిది.

"పెట్టినావా లేదా?" అన్నాడు నాయన.

"పెట్టినాను నాయనా. మోగుతాండాది."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆయన కాసేపు ఫోను వంక చూసి, వాకిట్లోకి పోయి బీడీ ముట్టించినాడు. నేనూ పోయినాను. వాకిట్లో వేపచెట్టు కింద కీచురాళ్లు ఒకటే రొద. నాయన అంటాడు: "మందులు కొట్టీ కొట్టీ అన్నీ సంపేసినాము. ముందర రాత్రయితే కీచురాళ్లు సెవులు గింగురుమనేట్ల అరుస్తాండె. ఇప్పుడు సూడు, ఒక్కటన్నా ఉండాదా?"

నేనేమీ మాట్లాడలేదు. ఫోనులో తరంగాల పటం చూపే ఆప్ తెరిచినాను. కీచురాళ్ల గీత 6 వేల దగ్గర నిటారుగా నిలబడి ఉంది.

రెండు రోజుల తర్వాత ఆ పటాన్నే చూపించి చెప్పినాను. ఆయన నమ్మలేదు. అమ్మను పిలిచి అడిగినాడు, "నీకు ఇనపడతాండాయా?" అమ్మ, "ఏంటికి ఇనపడవు, నిద్ర పట్టనీకపోతాండాయి" అంది. అప్పుడు నమ్మినాడు.

నాయన ఇరవై రెండేండ్లుగా ట్రాక్టరు నడుపుతున్నాడు. క్యాబిను లేని ట్రాక్టరు, సొంత చేను ఐదు రోజులైతే బాడుగకు పదిహేను రోజులు. 85 డెసిబెల్సు దాటిన మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదనేది ఆరోగ్యశాస్త్రంలో వాడుకలో ఉన్న లెక్క. ప్రతి 3 డెసిబెల్సుకు కాలం సగం తగ్గించుకోవాలి. బిగించి దున్నేటప్పుడు నాయన చెవి పక్కన ఫోను పెట్టి చూస్తే 94 చూపింది. ఫోను మైకు అంత నిక్కచ్చి కాదు గాని, 94 అనుకుంటే ఒక గంటకే రోజు కోటా సరి. చెవి లోపలి నత్తగుల్లలో సన్నని వెంట్రుకల వంటి కణాలుంటాయి. గుమ్మం దగ్గరున్నవి హెచ్చు పౌనఃపున్యాలకు, లోపలివి తగ్గు వాటికి. మోత తాకిడికి ముందు పోయేవి గుమ్మం దగ్గరివే. పైరు లాగా మళ్లీ మొలవవు. స, శ, త, క వంటి హల్లులు ఆ పై భాగంలో ఉంటాయి. అందుకే దూరం నుంచి గట్టిగా పిలిచిన పిలుపు అందుతుంది, పక్కన మెల్లగా అన్న మాట అందదు. ఫీజు మాట వినపడకపోవడానికి శాస్త్రీయ కారణం ఉందని చెల్లెలికి చెప్పినాను. ఆమె నవ్వలేదు.

కర్నూలులో చెవి డాక్టరుకు చూపించినాము. గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి, బొత్తాము నొక్కమని, పటం గీసి ఇచ్చారు. గీత 2 వేల దాకా బల్లపరుపు, ఆ తర్వాత మా ఊరి చెరువు కట్ట దిగినట్లు ఒక్కసారిగా కిందికి. రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకుంటే మేలని చెప్పి ధర చెప్పారు. బస్సులో నాయన వేళ్ల మీద లెక్క వేసినాడు. "ఎనిమిది క్వింటాళ్లప్పా, రెండు సెవులకు." ఇంకేమీ అనలేదు. కోసం కొంచెం పోనిచ్చి మళ్లీ, "సిన్నమ్మికి ఇంటరు ఫీజు ముందర కట్టాల" అన్నాడు.

పత్తికి 2025-26లో పొడవు పింజ రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతానికి లోబడి ఉండాలి, 12 దాటితే తీసుకోరు. మా పత్తి వానకు తడిసి ఆరినది. అది ఏ ధరకు పోయిందో, ఎన్ని రోజులు తిరిగినామో రాస్తే ఇంకో సావనీరు కావాలి. రాశి సగం పోయింది. ఫీజు, మందుల అంగడి బాకీ, ట్రాక్టరు కంతు. చెవి యంత్రాల దాకా రాలేదు.

పత్తి లారీకి ఎత్తిన రోజు సాయంత్రం గది మళ్లీ బావి అయింది. నాకు పాట చెడింది, అంతే. నాయనకు మాత్రం అంతకంటే పెద్ద నష్టం జరిగింది, అది ఎవరూ ముందుగా ఊహించనిది. చెవి బలహీనంగా ఉన్నవారికి గది మోత మాటను ఇంకా కప్పేస్తుంది. పత్తి ఉన్న నెల రోజులూ ముందు గదిలో కూర్చుని ఆయన మాతో బాగా మాట్లాడేవాడు. ఒకటి రెండు సార్లే "ఆఁ?" అనేవాడు. గది ఖాళీ అయినాక మళ్లీ వాకిట్లోకి పోయి ఒక్కడే కూర్చోవడం మొదలుపెట్టినాడు. పద్యాలు కూడా అడగలేదు.

అవ్వ కుట్టిన బొంతలు ఇంట్లో తొమ్మిది ఉన్నాయి. పాత చీరలు మడతలు మడతలుగా పేర్చి కుట్టినవి. ఎమ్మిగనూరు దుప్పట్లు నాలుగు. ఇవి కాక పత్తి తొక్కడానికి తెచ్చిన గోతాలు. రెండు పక్క గోడలకు మేకులు కొట్టి, బొంతలను గోడకు తగలకుండా జానెడు ఎడం ఉండేట్లు వేలాడదీసినాను. ఎడం ఉంటే తగ్గు పౌనఃపున్యాలను కూడా కొంచెం మింగుతాయి. మూలల్లో గోతాల నిండా తీతలో మిగిలిన పురుగు పట్టిన పత్తి, ఎవరూ కొననిది. నేల మీద జంబుఖానా. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇది ఇల్లనుకున్నావా, పాత బట్టల దుకాణమనుకున్నావా? సుట్టాలొస్తే ఏమనుకుంటారు?" అని మొదలుపెట్టింది. అవ్వ మాత్రం, తన బొంతలన్నీ ఒక్కచోట చూసి, ఏ చీర ఎవరి పెండ్లిదో చెబుతూ గోడ పొడుగునా నడిచింది. బుడ్డ పగలగొట్టి కొలిచినాను. 0.8. పత్తి అంత కాదు, కాని బావి కాదు.

మూడో రోజు నాయన లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆంప్లిఫయరులో 'ట్రెబుల్' అనే గుబ్బ ఉంది, ఈ కాలపు కొత్త యంత్రాల్లో చాలావాటికి తీసేసినారు. సంగీత ప్రియులు దాన్ని ముట్టుకోవడమే పాపమంటారు. నేను దాన్ని సగానికి పైగా తిప్పినాను. నాకు తాళాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. నాయన తల పక్కకు వంచి, "ఈ పద్యంలో తంబురా శ్రుతి ఉండాదా?" అన్నాడు. ఉంది, మొదటి నుంచీ ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇట్లా సాగుతోంది. రాత్రి ఏడు నుంచి ఎనిమిది దాకా ట్రెబుల్ నాయనకు తగినట్లు. ఆ తర్వాత చెల్లెలు చదువుకుంటుంది కాబట్టి నిశ్శబ్దం. నేను సెలవులకు వచ్చినప్పుడు పొద్దున్నే గుబ్బను మధ్యకు తెచ్చుకుని నా పాటలు వింటాను, నష్టం లేని నాణ్యతలో, 36 మెగాబైట్లవి. 145వి మానేసినాను. ట్రాక్టరు ఎక్కేటప్పుడు చెవులకు పెట్టుకోమని నాలుగు వందలు పెట్టి కప్పులు కొని ఇచ్చినాను. "ఇంజను సప్పుడు ఇనపడకపోతే గేరెట్ల మార్చాలప్పా?" అని మొదటి వారం తీసి పక్కన పెట్టినాడు. ఇప్పుడు బాడుగ పనికి మాత్రం పెట్టుకుంటున్నాడట, అమ్మ ఫోనులో చెప్పింది. రెండో తీత పత్తి పదకొండు క్వింటాళ్లు మళ్లీ ముందు గదిలోనే ఉంది, బొంతలు తీయలేదు. ధర చూసుకుని అమ్మాలి. ఈసారి ఎనిమిది క్వింటాళ్లు వేరే పోయించినానని, వాటిని ఎవరూ ముట్టవద్దన్నాడని కూడా అమ్మ చెప్పింది.